ఎవరూ చనిపోలేదని ఊరుకోకండి: రైల్వే భద్రతాధికారులకు రాయగడ నుంచి బహిరంగ లేఖ

రైల్వే ఆపరేటింగ్, మెకానికల్, ఇంజనీరింగ్, భద్రతా విభాగాల పెద్దలకు,

నమస్కారాలు.

మాది రాయగడ. ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే వేల కుటుంబాల్లో మాదీ ఒకటి. పెద్ద జబ్బు చేస్తే విశాఖ కేజీహెచ్‌కి పోతాం. సంబంధాలు బొబ్బిలి, పార్వతీపురంలో చూసుకుంటాం. పిల్లలు విజయనగరంలో చదువుతారు. అక్కడి చుట్టాలు ఆదివారం బండెక్కి మజ్జిగౌరమ్మ దర్శనానికి ఇక్కడికి వస్తారు. గుణుపురం, కోరాపుట్టు, జయపురం తెలుగువాళ్ల సంగతీ ఇంతే. రైలు లేకపోతే మాకు రోజు గడవదు. ఆ రైలు గురించే ఈ ఉత్తరం.

మొదట అర్జీలే పెట్టుకున్నాం. మా వైపు ఒక చిన్న స్టేషన్లో లూప్ లైను (పక్క లైను) మీద రోజుల తరబడి ఉంచే గూడ్సు వ్యాగన్ల చక్రాల కింద చెక్క దిమ్మలు కనబడటం లేదని, పైవంతెన లేక జనం ఆ వ్యాగన్ల కిందనుంచే దూరి అవతలి వీధికి పోతున్నారని రాసిచ్చాం. కాగితం తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత జవాబు లేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదుకు మాత్రం "పరిష్కరించాం" అని ఫోనుకు మెసేజి వచ్చింది. వెళ్లి చూస్తే దిమ్మలు లేవు, జనం దూరుతూనే ఉన్నారు. ఆ స్టేషన్ పేరుగానీ, ఆ కార్యాలయం పేరుగానీ ఇక్కడ రాయను. రాస్తే రేపు పొద్దున్న లైను మార్చే పాయింట్లు తిప్పే ఒక పాయింట్స్‌మన్‌కు మెమో ఇచ్చి ఫైలు మూసేస్తారని మా భయం. మేం అడుగుతున్నది అంతకంటే పెద్దది.

ముందు 2018 ఏప్రిల్ 7 రాత్రిని గుర్తు చేస్తాను. బలంగీర్ జిల్లా టిట్లాగఢ్ జంక్షన్లో రాత్రి పది గంటల వేళ అహ్మదాబాద్–పూరీ ఎక్స్‌ప్రెస్ ఆగింది. రాయపూర్ వైపు నుంచి వచ్చిన బండి అక్కడ దిక్కు మార్చుకుని సంబల్‌పూర్ వైపు పోవాలి కాబట్టి ఒక కొసన ఉన్న ఇంజను విప్పి రెండో కొసన తగిలించాలి. ఇంజను విప్పారు. ఇంకో ఇంజను తగలకముందే 22 బోగీలూ కదిలాయి. లోపల దాదాపు వెయ్యి మంది. చాలామంది నిద్రలో ఉన్నారు. మెలకువగా ఉన్నవాళ్లు కూడా బండి బయల్దేరిందనే అనుకుని ఉంటారు. ఇంజను లేని ఆ బండి కేసింగ వైపు, అంటే మా రాయగడకు వచ్చే లైను మీదే, పది కిలోమీటర్లకు పైగా దొర్లింది. ప్లాట్‌ఫారం మీద జనం కేకలు పెడుతుంటే బోగీలు దాటిపోయే వీడియోను దేశమంతా చూసింది. చివరికి సిబ్బంది పట్టాల మీద రాళ్లు పేర్చి ఆపారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. చక్రాలు కదలకుండా కింద పెట్టే ఇనుప స్కిడ్లు వేయలేదని తేల్చారు, కొందరిని సస్పెండ్ చేశారు. వారం తిరక్కుండా పత్రికలు వేరే వార్తకు పోయాయి.

ఎవరూ చనిపోలేదు కదా అన్న ఆ ఒక్క మాట దగ్గరే మా అభ్యంతరం. అదే రాత్రి ఎదురుగా ఒక పాసింజరు వస్తూ ఉంటే? ఏదైనా గేటు తెరిచి ఉండి, పెళ్లివారి ట్రాక్టరు పట్టాల మీద ఉంటే? వెయ్యి ప్రాణాలు దక్కింది కొంత సిబ్బంది తెగువ వల్ల, కొంత అదృష్టం వల్ల. వాళ్ల తెగువకు చేతులెత్తి మొక్కుతాం. అదృష్టాన్ని మాత్రం భద్రతా ఏర్పాట్ల లెక్కలో రాయొద్దని మనవి.

బండి ఎందుకు దొర్లుతుందో మీకు తెలుసు. ఈ ఉత్తరం చదివే మావాళ్లకు కూడా తెలియాలి కాబట్టి రెండు మాటలు. బోగీల కింద బ్రేకు పైపులో గాలి ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకులు వదులుగా ఉంటాయి. ఇంజను విప్పి పైపు ఖాళీ అయితే, ప్రతి బోగీకీ ఉండే గాలి సిలిండరు బ్రేకు దిమ్మలను చక్రాలకు అదిమిపెడుతుంది. కాబట్టి ఇంజను లేకపోయినా బండి కాసేపు కదలదు. ఆ గాలి మెల్లగా కారిపోతే, లేదా పని సౌకర్యం కోసం ఎవరైనా బ్రేకులు చేత్తో వదిలించి ఉంటే, ఇక చక్రాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు. చక్రం కింద పెట్టే స్కిడ్డు, చెక్క దిమ్మ, చెయినూ తాళం, గార్డు ఉండే బోగీలో, అంటే గార్డు పెట్టెలో, తిప్పే హ్యాండ్ బ్రేకు, ఇవే దిక్కు. నూరు మీటర్లకు ఒక్క మీటరు దిగే వాలు మీద వెయ్యి టన్నుల బండిని కిందికి లాగే బలం పది టన్నులు. చూడటానికి అది వాలులాగే అనిపించదు. బళ్లు కట్టిన మా తాతలు ఎద్దుల కాడి విప్పేముందు చక్రానికి రాయి పెట్టేవాళ్లు. రాయి పెట్టనిదే కాడి మీద చెయ్యి వేసేవాళ్లు కాదు.

ఇంకో సంగతి చాలామంది ప్రయాణికులకు తెలియదు. ఇలా దొర్లిపోయే బోగీల్లో చెయిన్ లాగినా లాభం ఉండదు. చెయిన్ చేసే పనల్లా బ్రేకు పైపులోంచి గాలి వదలడమే. అప్పటికే పైపు ఖాళీ. హ్యాండ్ బ్రేకు ఉండేదేమో తాళం వేసిన గార్డు పెట్టెలో. అంటే లోపలున్న వెయ్యి మంది చేతిలో ఏమీ లేదు. మొత్తం భారం కిందనున్న నలుగురైదుగురు రైల్వే ఉద్యోగుల మీదే.

టిట్లాగఢ్ ఒక్కటే అయితే పాత కథ తవ్వుతున్నామని మీరు అనవచ్చు. 2023 జూన్ 2న ఒడిశాలోనే బాహానగా బజార్ స్టేషన్లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం 290 మందికి పైగా ప్రాణాలు తీసింది. దేశం ఇంకా ఏడుస్తుండగానే, ఐదు రోజులకు, జూన్ 7న, జాజ్‌పూర్ కెంఝర్ రోడ్ స్టేషన్లో గాలివాన వచ్చింది. పనిచేస్తున్న కాంట్రాక్టు కూలీలు తడవకుండా ఆగి ఉన్న గూడ్సు వ్యాగన్ల కిందికి చేరారు. ఇంజను లేని ఆ వ్యాగన్లు గాలికి కదిలాయి. ఆరుగురు చనిపోయారు. వాన పడితే మనిషి నీడకు పరిగెత్తుతాడు, అది తప్పు కాదు. ఆగి ఉన్న బండి కదలడమే తప్పు. మొదట్లో మేం అర్జీ పెట్టామన్న స్టేషన్ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఈ ఆరుగురే గుర్తొస్తారు.

2024 ఫిబ్రవరి 25న జమ్మూ వైపు కథువాలో ఆపి ఉంచిన 53 వ్యాగన్ల కంకర బండి, లోకో పైలట్ లేకుండానే కదిలి పంజాబ్‌లోకి 70 కిలోమీటర్లకు పైగా పోయింది. దారిలోని గేట్లు మూయించి, స్టేషన్లలో లైను ఖాళీ చేయించి, ఊంచీ బస్సీ దగ్గర ఇసుక బస్తాలు, చెక్క మొద్దులు అడ్డం పెట్టి ఆపారు. అక్కడా ప్రాణనష్టం లేదు. అక్కడా హ్యాండ్ బ్రేకులు వేయలేదనే తేలింది. టిట్లాగఢ్ తర్వాత ఆరేళ్లకు కూడా అదే చిన్న పని, అదే మరపు. ఇలాంటి మరపు ఎంత దూరం పోతుందో 2013 జూలైలో కెనడాలోని లాక్ మెగాంటిక్ ఊరు చూసింది. ముడిచమురు ట్యాంకర్ల బండిని రాత్రి వాలు మీద ఆపి, ఏడు హ్యాండ్ బ్రేకులు మాత్రమే బిగించి వదిలేశారు. ఇంజను ఆగిపోయాక గాలి కారిపోయింది. బండి దొర్లి ఊరి నడుమ పడి అంటుకుంది, 47 మంది కాలిపోయారు. కనీసం 17 బ్రేకులు బిగించాల్సి ఉండిందని దర్యాప్తు తేల్చింది. మా లైను మీద కూడా ఆయిలు ట్యాంకర్లు తిరుగుతాయి.

మా నేల సంగతి కొంచెం చెప్పాలి. కోరాపుట్టు నుంచి రాయగడకు దిగే లైను కొండలు తొలుచుకుంటూ, సొరంగాలూ ఎత్తు వంతెనలూ దాటుకుంటూ వస్తుంది. దమన్‌జోడి అల్యూమినా, బైలదిల్లా ఇనుప ఖనిజం ఈ కొండల మీదనుంచే సముద్రానికి దిగుతాయి. వాలు ఎక్కువున్న చోట స్టేషన్ నుంచి బండి జారిపోకుండా స్లిప్ సైడింగు, పైనుంచి జారివచ్చే బండిని పట్టడానికి క్యాచ్ సైడింగు అనే పక్క లైన్లు కట్టాలని రైల్వే ఎప్పుడో నియమం పెట్టుకుంది. నూరుకు ఒకటి కన్నా నిటారుగా స్టేషన్ అవతలికి దిగితే మొదటిది, ఎనభైకి ఒకటి కన్నా నిటారుగా స్టేషన్ వైపు దిగితే రెండోది. కొండలైన్లకు ఈ కాపలా ఉంది. టిట్లాగఢ్ లాంటి, మైదానంలా కనిపించే యార్డుల్లోనే మనిషి జ్ఞాపకం తప్ప వేరే కాపలా లేకుండా పోయింది. మా పక్కనున్నవి ఎక్కువ ఆ రకం యార్డులే.

బండి ఇలా దొర్లిపోతే సిబ్బంది ఏం చేయాలో రూల్సు పుస్తకంలో చక్కగానే ఉంది. బళ్లు తప్పించుకుపోయాయని పక్క స్టేషన్‌కు చెప్పడానికి, రెండు స్టేషన్లను కలిపే బ్లాకు పరికరం మీద ఆరు మోతలతో మొదలయ్యే ప్రత్యేక గంటల సంకేతం ఉంది. కంట్రోలు రూముకు ఫోను చేయాలి. ఎదురు బళ్లను ఆపాలి. ఎదురుగా వచ్చేది కరెంటు ఇంజనైతే పై తీగలో కరెంటు తీయించి ఆపొచ్చు. గేట్లు మూయించాలి. ముందున్న స్టేషన్లో జనం, బళ్లు లేని లైనుకు పాయింట్లు తిప్పి పెట్టాలి. వేగం తగ్గే చోట ఇసుక, దిమ్మలు వేయాలి. రాళ్లు ఆఖరి మార్గం, ఎందుకంటే వేగం మీదున్న బండికి రాయి తగిలితే బోగీ పట్టా తప్పుతుంది. ఇదంతా ఎంతసేపట్లో జరగాలి? గంటకు 30 కిలోమీటర్ల వేగంతో మెల్లగా దొర్లినా 13 కిలోమీటర్లకు 26 నిమిషాలు. వేగం రెట్టింపైతే 13 నిమిషాలు. చాలా చిన్న స్టేషన్లలో రాత్రిపూట ఒక స్టేషన్ మాస్టరు, ఒక పాయింట్స్‌మన్ తప్ప మూడో మనిషి ఉండడు. ఆ ఇద్దరే గంట కొట్టాలి, ఫోన్లు చేయాలి, గేట్‌మన్‌ను లేపాలి, ఇసుక మోయాలి. మీ పుస్తకంలో తప్పు లేదు. దాన్ని అమలు చేయడానికి మీరు పెట్టిన చేతులు చాలవు.

ఇలాంటి రాత్రులు మామూలు జనం మీద ఎలా పడతాయో వరుసగా చెప్తాను.

1. మా బళ్లలో వెళ్లేది ఎక్కువగా జనరల్ బోగీ జనం. డయాలసిస్‌కు పోయే ముసలాయన, చింతపండు, పసుపు గంపలతో సంతకు పోయే కొండ ఆడవాళ్లు, పరీక్షకు పోయే పిల్లలు. ప్రమాదంలో మొదట నలిగేది ఆ బోగీలే, ఎందుకంటే అవి బండి రెండు కొసల్లో ఉంటాయి. 2023 అక్టోబరు 29 ఆదివారం సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ–రాయగడ పాసింజరు ముందున్న పలాస పాసింజరును వెనకనుంచి గుద్దింది. 14 మంది పోయారు. ఆ సెక్షన్లో ఆటోమేటిక్ సిగ్నళ్లు పాడయ్యాయి. సిగ్నలు చెడితే ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఎంత మెల్లగా కదలాలి అన్న అత్యవసర పద్ధతి ఉంది. ఆ పద్ధతి మనిషి ఒంటరి నిర్ణయం మీద వదిలేసి ఉంది. తప్పు లోకో పైలట్ మీదకు పోయింది, ఆయనా ఆ ప్రమాదంలోనే చనిపోయాడు. సంపాదించే మనిషి పోయిన ఇళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి.

2. ప్రమాదం సరిహద్దులో జరిగితే గాయపడ్డవాడు రెండు రాష్ట్రాల మధ్య పడిపోతాడు. 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టా తప్పి 40 మంది దాకా చనిపోయారు. ఊరు ఆంధ్రలో, దగ్గరి పెద్ద స్టేషన్ ఒడిశాలో. గాయపడ్డవాళ్లను కొందరిని పార్వతీపురం, కొందరిని రాయగడ తీసుకుపోయారు. ఇక్కడ ఫోను ఏ రాష్ట్రం టవరు పట్టుకుంటే 108 కాల్ ఆ రాష్ట్రానికే పోతుంది. కొడుకు ఏ ఆస్పత్రిలో ఉన్నాడో తెలియని తల్లి ఒకచోట ఒడియాలో, ఇంకోచోట తెలుగులో అడుగుతూ తిరగాలి. ఆ రాత్రి మొదట బోగీల్లోకి చేతులు పెట్టి మనుషుల్ని లాగింది పక్క ఊళ్ల జనమే.

3. చనిపోయేవాళ్లలో మీ సిబ్బందీ ఉన్నారు. 2019 జూన్ 25న మా జిల్లాలోనే సింగపూర్ రోడ్–కేవుట్‌గుడ మధ్య సమలేశ్వరి ఎక్స్‌ప్రెస్, మరమ్మతుల టవర్ కారును గుద్దింది. ముగ్గురు రైల్వే ఉద్యోగులు చనిపోయారు. ఒకే లైను మీదకు రెండు బళ్లు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు జవాబు మా భాషల్లో మాకెవరూ చెప్పలేదు.

4. కాంట్రాక్టు కూలీ. అతనికి రైల్వే గుర్తింపు కార్డు ఉండదు, రూల్సు తరగతి ఉండదు, పట్టాల పక్కన ఎక్కడ కూర్చోవచ్చో ఎక్కడ కూర్చోకూడదో చెప్పేవాడు ఉండడు. మా రాయగడ, గజపతి జిల్లాల కొండ ఊళ్లనుంచి పనికి పోయే పిల్లలు వీళ్లే. జాజ్‌పూర్ ఆరుగురు కూడా ఆ తరగతివాళ్లే.

5. బండి ఆగిపోతే మాకు వేరే దారి ఉండదు. 2017 జూలై వరదల్లో తేరువలి–సింగపూర్ రోడ్ మధ్య రైలు వంతెన కొట్టుకుపోయి వారాల తరబడి బళ్లు లేవు. కేజీహెచ్‌కి పోవాల్సిన రోగులు జీపుల్లో ఘాటు దిగారు. డబ్బున్నవాళ్లు దిగారు. లేనివాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు.

ఇక మేం అడిగేవి. కొన్ని డబ్బుతో కూడినవి, కొన్నిటికి ఒక ఆర్డరు చాలు.

1. ఇంజను విప్పేముందు బండిని కట్టాలి. స్కిడ్లు వేశాక, హ్యాండ్ బ్రేకు తిప్పాక, ఇద్దరు వేర్వేరు విభాగాల మనుషులు కళ్లతో చూసి, టైము రాసి, సంతకం పెట్టాకే ఇంజనునూ బోగీనీ కలిపే కప్లింగ్ మీద చెయ్యి వేయాలి. ఆ రెండో సంతకం లేకుండా ఇంజను కదిలించడానికి స్టేషన్ మాస్టరు సిగ్నలు ఇవ్వకూడదు. రూలు ఇప్పటికే ఉందని మీరు అంటారు. ఉంది. టిట్లాగఢ్‌లోనూ ఉంది, కథువాలోనూ ఉంది. ఒక్కడి జ్ఞాపకం మీద నడిచే రూలు రాత్రి డ్యూటీలో, వానలో, బండి లేటయిందని కంట్రోలు తరుముతున్నప్పుడు జారిపోతుంది. అందుకే రెండో మనిషిని అడుగుతున్నాం, ఆ మనిషికి "ఇంకా కాలేదు, ఆగండి" అనే అధికారం కాగితం మీద ఇవ్వమంటున్నాం. బండి లేటయినందుకు అతన్ని ఎవరూ నిలదీయకూడదు.

2. రోజుల తరబడి నిలబెట్టే ప్రతి వ్యాగన్ల వరసకూ రెండు కొసలా దిమ్మలు, చెయిను, తాళం ఉండాలి. గాలివాన హెచ్చరిక వచ్చినప్పుడు మళ్లీ ఒకసారి చూసి రాయాలి. మార్చి నుంచి జూన్ దాకా ఒడిశాలో ఇలాంటి గాలులు ఏటా వస్తాయి.

3. ప్రాణం పోని ప్రతి తప్పిదాన్నీ ప్రాణం పోయిన ప్రమాదంలాగే దర్యాప్తు చేయండి, ఆ సారాంశాన్ని ఒడియాలో, తెలుగులో ఆ లైను మీది స్టేషన్లలో అంటించండి. 2023 ఫిబ్రవరిలో నైరుతి రైల్వేలో ఒక బండి తప్పు లైనులోకి పోబోయి ఆగితే, అక్కడి సీనియర్ అధికారి, సిగ్నళ్లనూ పాయింట్లనూ జోడించి నడిపే ఇంటర్‌లాకింగ్ వ్యవస్థలో లోపం ఉందని రాతపూర్వకంగా హెచ్చరించారు. నాలుగు నెలలు తిరక్కుండా బాహానగా జరిగింది. హెచ్చరించిన మనిషి మీ ఇంటివాడే. మా లాంటి బయటివాళ్ల అర్జీ పక్కన పెట్టినా, మీ వాళ్లు రాసిన ఉత్తరాలైనా తెరిచి చదవండి.

4. చిన్న స్టేషన్లలో రాత్రి మూడో మనిషి. ఖాళీలు నింపండి. దీని మీద ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

5. ట్రాక్‌మన్, కీమన్, గేట్‌మన్, పాయింట్స్‌మన్. బండి దొర్లిపోయిన రాత్రి దాన్ని ఆపేది వీళ్ల చేతులే, కానీ శిక్షణలో అందరికంటే వెనక ఉండేదీ వీళ్లే. వాలున్న ప్రతి సెక్షన్లో ఏ స్టేషన్ దగ్గర ఆపాలి, ఏ లైనుకు పాయింటు తిప్పాలి, ఇసుక బస్తాలు, దిమ్మలు ఎక్కడ పెట్టాలి అన్నది ముందే నిర్ణయించి, అక్కడ నిజంగా బస్తాలు పెట్టి ఉంచండి. ఏడాదికి రెండుసార్లు ఖాళీ వ్యాగన్లతో, రాత్రి పూట, సాధన చేయించండి. చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే డిటొనేటర్లు, ప్రమాదం ఉన్న చోటు నుంచి 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 దగ్గర మూడు పెట్టి ఎదురు బండిని ఆపడం చీకట్లో పరిగెడుతూ చేయాల్సిన పని. పుస్తకంలో చదివితే కాళ్లకు రాదు.

6. బళ్లు గుద్దుకోకుండా ఇంజనుకు తనంతట తానే బ్రేకు వేసే కవచ్ వస్తోందని ప్రతి ప్రశ్నకూ అదే జవాబు వద్దు. రావాలి, త్వరగా రావాలి, కంటకాపల్లి లాంటివి అది ఆపగలదు. అయితే కవచ్ ఇంజనులో కూర్చుని పనిచేసే వ్యవస్థ. ఇంజనే లేని 22 బోగీలకు అది బ్రేకు వేయలేదు. చెక్క దిమ్మ ఖరీదు కవచ్ ఖరీదులో ఎన్నో వంతో మీకే బాగా తెలుసు.

7. సరిహద్దు సెక్షన్లకు రెండు రాష్ట్రాల కలెక్టర్లు, ఆస్పత్రులు, 108 సేవలు, రైల్వే కలిసి ఒక్క పథకం రాసుకోవాలి. కూనేరులో జరిగితే ఎవరు ఎక్కడికి తీసుకుపోవాలో ముందే తెలియాలి. హెల్ప్‌లైను దగ్గర ఒడియా, తెలుగుతో పాటు కొండ భాషలైన కువి, సవర మాట్లాడేవాళ్లను కూర్చోబెట్టాలి.

8. ప్రయాణికులకు చెప్పండి. ఇంజను మార్చే స్టేషన్లలో "ఇప్పుడు ఇంజను విప్పుతున్నారు" అని మైకులో మా భాషల్లో చెప్పడానికి ఖర్చేమీ లేదు. బండి తనంతట తాను కదిలితే తలుపుల దగ్గర నిలబడొద్దని, దూకొద్దని, 139కి ఫోను చేసి బోగీ నంబరు చెప్పాలని టికెట్ కౌంటరు దగ్గర ఒక బోర్డు పెట్టండి. గేటు దగ్గర ఉండే ఊరివాళ్లకు, పట్టాల పక్క బడి పిల్లలకు ఇంజను లేని బోగీలు కనబడితే ఎవరికి చెప్పాలో ఒక్కసారి వచ్చి చెప్పండి. వాళ్లు కంట్రోలు రూముకంటే ముందు చూస్తారు.

9. కాంట్రాక్టు కూలీకి పని మొదటి రోజే అరగంట భద్రతా పాఠం, వానకు నిలబడటానికి పక్కా షెడ్డు. ఇవి టెండరులోనే రాయండి. షెడ్డు లేని కాంట్రాక్టరుకు బిల్లు ఆపండి.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. ప్రతిసారీ సస్పెన్షన్ అట్టడుగు మెట్టు దగ్గరే మొదలై అక్కడే ఆగుతోంది. స్కిడ్డు వేయనివాడు తప్పుచేశాడు, కాదనం. ఆ స్టేషన్‌కు సరిపడా స్కిడ్లు ఉన్నాయా, ఆ షిఫ్టులో ఎంతమంది ఉన్నారు, ఆ మనిషి ఎన్ని గంటలనుంచి డ్యూటీలో ఉన్నాడు అన్నవి కూడా అడిగి, ఆ జవాబులకు ఎవరు బాధ్యులో వాళ్ల పేరూ రాయాలి. ప్రమాదాలను దర్యాప్తు చేసే రైల్వే భద్రతా కమిషనర్లు పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు, అంటే రైల్వే తనను తాను దర్యాప్తు చేసుకోకూడదనే అలా పెట్టారు. 2012లో కాకోద్కర్ కమిటీ ఇంకో అడుగు వేసి, రైల్వే బోర్డుతో సంబంధం లేని చట్టబద్ధమైన భద్రతా సంస్థ కావాలంది. ఆ సిఫారసు ఇంకా కాగితం మీదే ఉంది. దాన్ని అమలు చేయమని మా ఎంపీలను కూడా ఈ లేఖ ప్రతితో అడుగుతున్నాం.

రాయగడకు కొత్త డివిజన్ వస్తోంది. 2025 జనవరి 6న ప్రధాని శంకుస్థాపన చేశారు. మా ఊళ్లో చాలామంది సంబరపడ్డారు, నేనూ సంబరపడ్డాను. కొత్త కార్యాలయానికి ఫర్నిచరు కొనేలోపే ఈ తొమ్మిది అంశాల మీద ఒక నిర్ణయం జరగాలని మా కోరిక. కొత్త ఆఫీసులో పాత అలవాటు ఒకసారి కూర్చుంటే మళ్లీ లేపడం కష్టం.

ఈ లేఖకు మాకు కావలసింది అంశాల వారీగా రాతపూర్వక జవాబు. ఏది చేస్తారో, ఎప్పటికి చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో. చేయలేమన్న జవాబు కూడా మాకు గౌరవమే, "పరిష్కరించాం" అన్న మెసేజి కంటే. జూన్ గాలివానలకు ముందు ఆ జవాబు రాకపోతే, ఇవే అంశాలను సమాచార హక్కు దరఖాస్తులుగా ఒక్కో స్టేషన్ పేరుతో వేస్తాం. స్కిడ్లు ఎన్ని, దిమ్మలు ఎన్ని, రాత్రి షిఫ్టులో మనుషులు ఎంతమంది, చివరి మాక్ డ్రిల్ ఏ రోజు, అని అడుగుతాం.

డ్రిల్‌కు తేదీ, స్టేషన్ మీరు చెప్పండి. మా తరఫున మనుషులు వస్తారు. బస్తాలు మోయడానికి కుర్రాళ్లు, గాయపడ్డవాళ్లలా పడుకోవడానికి పెద్దవాళ్లు, ఒడియా, తెలుగు, కువి మాట్లాడి అరిచి చెప్పగల ఆడవాళ్లు ఉన్నారు. భోజనాల ఖర్చు మేమే చూసుకుంటాం.

ఇట్లు,
రాయగడ, గుణుపురం, కోరాపుట్టు తెలుగు ప్రయాణికుల తరఫున,
రాయగడ వాస్తవ్యుడు ఒకడు

ప్రతులు: ఇరు రాష్ట్రాల సరిహద్దు జిల్లాల కలెక్టర్లకు, పార్లమెంటు సభ్యులకు, రైల్వే కార్మిక సంఘాలకు